గ్రీన్‌కార్డుతో ఊరొచ్చి ఉంటే, భర్త ద్వారా వచ్చే సిటిజన్‌షిప్ లెక్క ఏమవుతుంది?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. మీకు గ్రీన్‌కార్డు వచ్చి 20 నెలలైంది. మీ ఆయన అమెరికా సిటిజన్. ఆయన పనిచేసే అమెరికన్ కంపెనీ రెండేళ్లకు హైదరాబాద్ ఆఫీసుకు పంపుతోంది. మీ అత్తగారు సోంపేట దగ్గర పల్లెలో ఉంటారు, వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆయన హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటుంటే మీరు శ్రీకాకుళంలో ఇల్లు తీసుకుని ఆవిడను చూసుకుందామని అనుకుంటున్నారు. రీఎంట్రీ పర్మిట్ (ఎక్కువకాలం బయట ఉన్నా గ్రీన్‌కార్డుదారు తిరిగి అమెరికా వెళ్లడానికి పనికొచ్చే కాగితం) తీసుకుంటే మూడేళ్ల సిటిజన్‌షిప్ లెక్క, అంటే సిటిజన్ భార్య గ్రీన్‌కార్డు వచ్చిన మూడేళ్లకు సిటిజన్‌షిప్‌కు వేసుకోవచ్చన్న లెక్క, ఆగకుండా నడుస్తుందా, లేక మొదటికొస్తుందా?

సూటిగా చెప్తాను. రీఎంట్రీ పర్మిట్ మీ కార్డును కాపాడుతుంది. సిటిజన్‌షిప్ లెక్కను కాపాడదు. ఏడాది పైన ఒకేసారి బయట ఉంటే ఆ లెక్క తెగిపోతుంది, చేతిలో పర్మిట్ ఉన్నా సరే. అయితే మీ విషయంలో అసలు ఆ మూడేళ్ల లెక్కతో పని లేకుండా పోయే దారి ఒకటి ఉంది. కంపెనీయే మీ ఆయన్ని ఏడాదికి తక్కువ కాకుండా విదేశానికి పోస్టింగ్ మీద పంపుతుంటే, ఇమ్మిగ్రేషన్ చట్టంలో 319(బి) అనే సెక్షన్ కింద మీరు ఇప్పుడే దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ ఆ సెక్షన్ మిమ్మల్ని ఒక మాట అడుగుతుంది: భర్తతో కలిసి అక్కడ కాపురం ఉంటారా? ఆయన హైదరాబాద్‌లో, మీరు శ్రీకాకుళంలో అన్న ఏర్పాటు సరిగ్గా అక్కడే అడ్డం పడుతుంది. కాబట్టి మీరు ముందు తేల్చుకోవాల్సింది ఫారం గురించి కాదు, ఏ ఊళ్లో ఎవరితో ఉంటారన్నది.

మాది విజయనగరం. న్యూజెర్సీలో ఒక ఇమ్మిగ్రేషన్ లాయరు ఆఫీసులో ఫైళ్లు తయారుచేసే పని చాలా ఏళ్లు చేశాను. లాయరును కాను. ఇప్పుడు ఇక్కడే ఉంటూ విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వాళ్లకు కాగితాల విషయంలో చేతనైన సాయం చేస్తున్నాను. నేను ఆ ఆఫీసులో చేరడానికి కారణం కూడా మీలాంటి పరిస్థితే, అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను.

అప్పట్లో నాకు గ్రీన్‌కార్డు వచ్చి రెండేళ్లు దాటింది. అమ్మ వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరిగిందని ఫోనొస్తే ఏప్రిల్ 20న వచ్చాను. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాను. అద్దె దండగ అని మా ఆయన అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి స్నేహితుల దగ్గర సర్దుకున్నారు. అక్టోబరుకల్లా అమ్మ కర్ర పట్టుకుని నడుస్తోంది. నేను టికెట్ తీస్తానంటే, “దసరా దగ్గరికొచ్చేసింది, సిరిమాను చూసి వెళ్దువుగాని” అంది. మా ఇల్లు మూడు లాంతర్ల దగ్గర. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగింపు మా కళ్ల ముందు నుంచే కోటకు వెళ్తుంది. కాదనలేకపోయాను. ఎవరో కన్సల్టెంట్‌ను అడిగితే “ఆరు నెలలు నాలుగు రోజులు దాటినా ఏం కాదమ్మా, ఏడాది లోపు వెళ్తే చాలు” అన్నాడు. నవంబరు 3న వెళ్లాను. మొత్తం 197 రోజులు.

కార్డుకు ఏమీ కాలేదు, ఎయిర్‌పోర్టులో మామూలుగానే పంపించేశారు. మూడేళ్లు నిండాయని సిటిజన్‌షిప్‌కు వేస్తే అక్కడ పట్టుకున్నారు. ఒకే ప్రయాణంలో ఆరు నెలలు దాటితే, మీ నివాసం తెగిపోయిందని అధికారి ముందే అనుకుంటారు. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం మనది. రుజువుగా ఏం చూస్తారంటే, అక్కడ ఉద్యోగం వదల్లేదా, ఇల్లు మీ చేతిలోనే ఉందా, మీ కుటుంబం అక్కడే ఉందా అని. నా దగ్గర ఉద్యోగం లేదు, ఇల్లు లేదు. దరఖాస్తు తిరస్కరించారు. మళ్లీ వేయడానికి అమెరికా తిరిగి వెళ్లిన నాటి నుంచి రెండున్నరేళ్లు ఆగాను. కార్డు బాగుంటే సిటిజన్‌షిప్ కూడా బాగున్నట్టే అనుకోవడం వల్ల వచ్చిన నష్టం అది. ఈ రెండూ వేర్వేరు లెక్కలు. మీ ప్రశ్నలోనూ అవి కలిసిపోయి ఉన్నాయి, అందుకే నా సంగతి చెప్పాను.

ఇప్పుడు మామూలు మూడేళ్ల దారి సంగతి. దీన్ని 319(ఎ) అంటారు. కార్డు వచ్చి మూడేళ్లు కావాలి. ఆ మూడేళ్లూ భర్త సిటిజన్ అయి ఉండాలి, ఇద్దరూ కలిసి కాపురం చేస్తూ ఉండాలి. అందులో కనీసం 18 నెలలు మీరు అమెరికా గడ్డ మీద ఉండాలి. దరఖాస్తు వేసే రాష్ట్రంలో చివరి మూడు నెలలు నివాసం ఉండాలి. మూడేళ్లు నిండడానికి 90 రోజుల ముందే వేయొచ్చంటారు, నిజమే. కానీ ఆ వెసులుబాటు కార్డు లెక్కకే. పెళ్లి, కాపురం మూడేళ్లు మాత్రం దరఖాస్తు వేసే నాటికే నిండి ఉండాలి. ఇది చాలామంది గమనించరు.

మీకు 20 నెలలైంది కాబట్టి ఈ దారిలో వేయడానికి ఇంకా 13 నెలలు ఉంది. ఈమధ్య 40 రోజులు ఊరొచ్చి వెళ్లానన్నారు. అది తీసేసినా 18 నెలల షరతు మీకు నిండినట్టే. రోజులు లెక్కపెట్టేటప్పుడు విమానం ఎక్కిన రోజు, దిగిన రోజు రెండూ అమెరికా ఖాతాలోకే వస్తాయి. కానీ 18 నెలలు నిండితే చాలదు. “ఆరు నెలలకోసారి వెళ్లి ముఖం చూపించి వస్తే సరిపోతుందిగా” అని మన వాళ్లు అంటారు. అక్కడ ఇల్లు లేకుండా, ఉద్యోగం లేకుండా, భర్త కూడా ఇండియాలో ఉంటూ, మీరు పది రోజులకని వెళ్లొస్తే, ప్రతి ప్రయాణం ఆరు నెలల లోపే అయినా అధికారి ఒప్పుకోకపోవచ్చు. అసలు నివాసం ఎక్కడన్నదే వాళ్లు చూసేది.

ఏడాది నిండా బయట ఉంటే ఇక వాదించడానికి ఏమీ ఉండదు, తెగిపోతుంది. అమెరికా తిరిగి వెళ్లాక ఈ మూడేళ్ల దారిలో కనీసం రెండేళ్లా ఒక రోజు ఆగి వేయాలి. ప్రశ్నలు రాకూడదనుకుంటే నాలా రెండున్నరేళ్లు ఆగడం నయం.

మరి రీఎంట్రీ పర్మిట్ దేనికి? ఏడాది దాటి బయట ఉంటే మీ కార్డు ఒక్కటే చూపించి లోపలికి వెళ్లలేరు. పర్మిట్ ఉంటే రెండేళ్ల వరకు వెళ్లొచ్చు. ఐ-131 ఫారం వేయాలి. వేసే నాటికి మీరు అమెరికాలోనే ఉండాలి. ఊరొచ్చేశాక శ్రీకాకుళం నుంచి ఆన్‌లైన్‌లో వేస్తానంటే కుదరదు. వేలిముద్రలు కూడా అక్కడే ఇచ్చి రావాలి. అవి ఇచ్చేశాక మీరు బయల్దేరొచ్చు, పర్మిట్‌ను హైదరాబాద్ కాన్సులేట్‌లో తీసుకునేలా ఫారంలోనే రాసుకోవచ్చు. ఏ దారిలో వెళ్లినా ఈ పర్మిట్ వేసే రండి. అది లేకుండా ఏడాది దాటితే, తిరిగివచ్చే నివాసి వీసా అని కాన్సులేట్‌లో వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. మన చేతిలో లేని కారణం వల్లే ఆగిపోయామని రుజువు చేస్తే తప్ప అది ఇవ్వరు.

బొబ్బిలి వాళ్లమ్మాయి ఒకరు ఇలాగే రెండేళ్ల పర్మిట్ తీసుకుని వచ్చింది. పిల్లాడి కోసం పుట్టింట్లో 21 నెలలు ఉంది. కార్డు చెక్కుచెదరలేదు. తిరిగి వెళ్లాక “నాకు మూడేళ్లు ఎప్పుడో నిండాయి” అని సంతోషంగా ఫైలు తెచ్చింది. లెక్క మళ్లీ మొదలైందని చెప్పడానికి నాకే నోరు రాలేదు. ఎన్-470 అని ఇంకో ఫారం పేరు కూడా మీకు ఎవరైనా చెప్తారు. అది గ్రీన్‌కార్డు ఉన్న వ్యక్తే అర్హత గల ఉద్యోగం మీద విదేశం వెళ్తే ఆ వ్యక్తి లెక్కను కాపాడేది. ఇక్కడ వెళ్తున్నది సిటిజన్ అయిన మీ ఆయన, కాబట్టి అది మీకు పనికిరాదు.

ఇక అసలు దారి, 319(బి). ఇందులో మూడేళ్లు లేవు, 18 నెలలు లేవు, రాష్ట్రంలో మూడు నెలలు లేవు. మీరు గ్రీన్‌కార్డుదారు అయి ఉండాలి. ఇంటర్వ్యూకీ, ప్రమాణానికీ అమెరికాలో ఉండాలి. ఇంగ్లీషు, పౌరశాస్త్రం పరీక్ష మామూలుగానే ఉంటుంది. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు వేసేవాళ్లకు 128 ప్రశ్నల జాబితా ఇస్తున్నారు, 20 అడుగుతారు, 12 చెప్పాలి. మిగతా బరువంతా మీ ఆయన ఉద్యోగం మీద పడుతుంది.

భర్త ఎవరి దగ్గర పనిచేయాలి? అమెరికా ప్రభుత్వం, గుర్తింపు పొందిన అమెరికన్ పరిశోధన సంస్థ, అమెరికా సభ్యదేశంగా ఉన్న అంతర్జాతీయ సంస్థ, కొన్ని మత సంస్థలు, లేదంటే విదేశీ వ్యాపారం చేసే అమెరికన్ కంపెనీ లేదా దాని అనుబంధ కంపెనీ. మన తెలుగువాళ్లలో నూటికి తొంభై మందికి ఆఖరిదే వర్తిస్తుంది, తగాదా వచ్చేదీ అక్కడే. హైదరాబాద్ ఆఫీసు కాగితాల మీద ఇండియా కంపెనీగా రిజిస్టర్ అయి ఉంటుంది. దాంట్లో సగానికి పైగా వాటా అమెరికన్ కంపెనీదే అయితే ఇబ్బంది లేదు. అదే, అసలు కంపెనీ ఇండియాదై, మీ ఆయన దాని అమెరికా బ్రాంచిలో పనిచేస్తుంటే అది అమెరికన్ కంపెనీ కాదు. జీతం డాలర్లలో వస్తోంది కదా అని మోసపోకండి, వాటాలు ఎవరివో చూడాలి.

రెండో మెలిక: ఆయన “పోస్టింగ్ మీద” వెళ్తున్నారా, “అడిగి” వెళ్తున్నారా? రాజాం వాళ్లబ్బాయి ఒకరు అమ్మానాన్నల కోసం విశాఖ నుంచి పనిచేస్తానని మేనేజర్‌ను ఒప్పించుకున్నాడు. కంపెనీ ఇచ్చిన ఉత్తరంలో “ఉద్యోగి కోరిక మేరకు తాత్కాలికంగా ఇంటి నుంచి పనికి అనుమతి” అని ఉంది. ఆ ఉత్తరంతో భార్యకు 319(బి) వేయొద్దని మా లాయరు ఆపేశారు. సెక్షన్ కోరేది ఒప్పందం మీదో ఆర్డరు మీదో కనీసం ఏడాదికి విదేశంలో నియమించడాన్ని. మీ ఆయనకు రెండేళ్లని కంపెనీయే చెప్పింది కాబట్టి ఇక్కడ మీకు గట్టి పునాది ఉంది. కంపెనీ హెచ్‌ఆర్ ఇచ్చే ఉత్తరంలో ఇవి ఉండేలా చూసుకోండి: కంపెనీ పేరు, అది ఎక్కడ రిజిస్టర్ అయింది, ఏం వ్యాపారం చేస్తుంది, మీ ఆయన అక్కడ చేసే పని ఏమిటి, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు. దాంతోపాటు మీరు ఒక ప్రకటన రాసి సంతకం పెట్టాలి. భర్తతో కలిసి విదేశంలో ఉంటాను, ఆయన ఉద్యోగం అక్కడ ముగియగానే తిరిగొచ్చి అమెరికాలో నివసిస్తాను అని. పోస్టింగ్ ఇంకా ఏడాది పైన మిగిలి ఉండగానే ఎన్-400 (సిటిజన్‌షిప్ దరఖాస్తు ఫారం) వేసేయండి. ఆఖర్లో గుర్తొచ్చి వేస్తే ఉపయోగం ఉండదు.

టెక్కలి నుంచి వచ్చిన ఒకమ్మాయి భర్తను వాళ్ల ఇంజినీరింగ్ కంపెనీ దోహాకు మూడేళ్లకు పంపింది. కార్డు వచ్చిన నాలుగో నెలలో ఫైలు పెట్టాం. ఆ అమ్మాయి దోహా నుంచి ఒక్కసారి వచ్చి, ఇంటర్వ్యూ, ప్రమాణం రెండూ ఒకే ప్రయాణంలో ముగించుకుని వెళ్లింది. కార్డు చేతికొచ్చిన పదకొండో నెలకు సిటిజన్ అయింది. ఇది అడ్డదారేమీ కాదు. భర్త పోస్టింగ్ వల్ల భార్య నష్టపోకూడదని చట్టమే పెట్టిన ఏర్పాటు.

ఇప్పుడు మీ అత్తగారి సంగతి. దీన్ని దాటేసి రాయడం నాకు ఇష్టం లేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను ఎలా పిండేసిందో మనకు తెలియంది కాదు. ఆవిడ దగ్గర ఉండాలన్న మీ ఆలోచనలో తప్పేమీ లేదు. కానీ “భర్తతో కలిసి ఉంటాను” అని సంతకం పెట్టి, శ్రీకాకుళంలో అద్దె అగ్రిమెంటు మీ పేరున రాయించుకుంటే, ఆ సంతకం అబద్ధమవుతుంది. ఇంటర్వ్యూలో ప్రమాణం చేయించి అడుగుతారు. సిటిజన్‌షిప్ వచ్చాక కూడా అబద్ధం బయటపడితే అది రద్దు కావచ్చు. 319(ఎ) దారిలో వెళ్దామన్నా ఇదే చిక్కు. భార్యాభర్తలు వేర్వేరు ఇళ్లలో ఉంటే కాపురం కలిసి ఉందా అని అక్కడా అడుగుతారు. మన ఇళ్లలో కొడుకు ఉద్యోగంలో, కోడలు అత్త దగ్గర ఉండడం మామూలే. ఆ అధికారికి అది విడిపోయిన కాపురంలా కనిపిస్తుంది.

నన్ను అడిగితే, హైదరాబాద్‌లో ఇద్దరూ కలిసి ఇల్లు తీసుకుని, డయాలసిస్ సెంటర్ దగ్గరున్న చోట చూసి, అత్తగారిని అక్కడికి తీసుకురండి. ఆవిడ ఊరు వదలనంటే మీరు నెలలో వారం పది రోజులు వెళ్లి ఉండి రండి, మిగతా రోజులకు దగ్గరి బంధువులనో, జీతమిచ్చి ఒక మనిషినో పెట్టండి. కోడలు అత్తగారిని చూడ్డానికి వెళ్లిరావడం తప్పు కాదు. ఇల్లు ఎక్కడుందన్నదే ప్రశ్న.

అదీ కుదరదు, ఆవిడ దగ్గరే ఉండాలి అంటే, అప్పుడు 319(బి) జోలికి వెళ్లకండి. రీఎంట్రీ పర్మిట్ తీసుకుని నిశ్చింతగా రండి, సిటిజన్‌షిప్ రెండు మూడేళ్లు వెనక్కి వెళ్తుందని ముందే ఒప్పుకోండి. అది కూడా మంచి నిర్ణయమే. తెలిసి తీసుకుంటే బాధ ఉండదు.

మీరు చెప్పని విషయం ఒకటుంది: మీ కార్డు రెండేళ్లదా, పదేళ్లదా? కార్డు వచ్చేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల షరతుల కార్డు ఇస్తారు, దాని మీద కేటగిరీ సీఆర్‌తో మొదలవుతుంది. అలాంటిదే అయితే గడువుకు ముందు 90 రోజుల్లో, ఆ షరతులు తీసేయమని అడిగే ఐ-751 ఫారం వేయాలి. మీకు 20 నెలలైందంటే ఆ సమయం వచ్చే నెలలోనే మొదలవుతుంది! ప్రయాణం హడావుడిలో దాన్ని మర్చిపోతే పైన రాసిందంతా వృథా. ఇద్దరూ సంతకం పెట్టాలి, వేలిముద్రలకు పిలిస్తే అక్కడికే వెళ్లాలి.

పన్నుల విషయంలో ఒక్క మాట. ఇండియాలో ఉన్నంత కాలం కూడా అమెరికా నివాసిగానే 1040 పన్ను రిటర్ను వేయండి, ఇక్కడి ఆదాయం కూడా చూపించండి. “ఇండియాలో ఉన్నాను కదా” అని నాన్‌రెసిడెంట్‌గా వేస్తే, నివాసం వదులుకున్నానని మీరే రాసిచ్చినట్టు. ఇక్కడి బ్యాంకు ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి తెలిపే రిపోర్టు) వేయాలి. అత్తగారి మందుల కోసం మీ పేరు కలిపిన జాయింట్ ఖాతా కూడా ఈ లెక్కలోకి వస్తుంది.

తిరిగి వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఎవరైనా ఐ-407 అనే ఫారం ముందు పెడితే సంతకం చేయొద్దు. అది కార్డును మీ ఇష్టంతో వదులుకునే కాగితం. సంతకం చేయాలన్న నిర్బంధం లేదు. ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకుంటానని అడిగే హక్కు మీకుంది. పార్వతీపురం నుంచి వెళ్లిన ఒక పెద్దాయన భాష సరిగా అర్థంకాక, టెన్షన్‌లో దాని మీద సంతకం పెట్టేశారు. దాన్ని తిరగరాయించడం చాలా కష్టమైంది.

సిటిజన్ అయ్యాక వచ్చే తిప్పల గురించి ఎవరూ ముందు చెప్పరు. ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ప్రమాణం చేసిన క్షణం నుంచి మీ ఇండియా పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయకూడదు, దాన్ని సరెండర్ చేయాలి. అంటే ప్రమాణానికి వారం రోజులకని వెళ్లి, పాత పాస్‌పోర్టుతో తిరుగు టికెట్ తీసుకుంటే ఇరుక్కుంటారు. అమెరికా పాస్‌పోర్టు త్వరగా వచ్చేలా వేసుకోవాలి, తర్వాత ఇండియాకు ఈ-వీసానో, ఓసీఐ కార్డో (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు) కావాలి. ఆ ప్రయాణానికి నాలుగైదు వారాలు పెట్టుకోండి, అత్తగారికి ఆ రోజుల్లో తోడు ఎవరో ముందే చూసుకోండి. ఓసీఐతో ఇక్కడ ఉండొచ్చు, ఉద్యోగం చేయొచ్చు. ఓటు ఉండదు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు. మీ మామగారి కొబ్బరితోట, జీడితోట వారసత్వంగా రావడానికి మాత్రం అడ్డం లేదు. ఆ తోట పక్కనే ఇంకో ఎకరం కొందామని మీ ఆయనకు ఉంటే, సిటిజన్‌గా ఆయనకూ అదే నిషేధమని చెప్పండి.

ఈ వారంలో చేయాల్సినవి: కార్డు తీసి కేటగిరీ చూడండి. హెచ్‌ఆర్‌ను పోస్టింగ్ ఉత్తరం ముసాయిదా అడగండి. టికెట్లు ఇంకా బుక్ చేయకండి, ఐ-131 వేసి వేలిముద్రల తేదీ వచ్చాక చేసుకోవచ్చు. కంపెనీ వాటాల విషయం ఒక లాయరుకు డబ్బు కట్టి అయినా చూపించండి, అక్కడ నా మాట మీద ఆధారపడొద్దు. ఉత్తరం వచ్చాక పేర్లు, నంబర్లు కొట్టేసి ఇక్కడ పెడితే, అందులో ఏ మాట తక్కువైందో చూసి చెప్తాను.